బావగారిని చూసే కెమెరా

మా బావగారు ముప్ఫై ఏళ్ళ పైన బస్సు నడిపారు. రాజమండ్రి డిపోలో చేరి, అక్కడే రిటైరయ్యారు. మా అక్కని ఆయన పెళ్ళి చేసుకునేటప్పటికి నాకు పదకొండేళ్ళు. నాకు సైకిల్ నేర్పింది ఆయనే. కొవ్వూరు కాలవగట్టు మీద వెనకాల సీటు పట్టుకుని పరిగెత్తుతూ, "కింద చూడకు, ఎదర చూడు" అనేవారు. ఆయన చెయ్యి ఎప్పుడు వదిలేశారో నాకు తెలీలేదు. వెనక్కి తిరిగి చూసేసరికి దూరంగా నించుని తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నారు. నేను పడిపోయాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. వచ్చి సైకిల్ లేపి, "ఇంకోసారి ఎక్కు" అన్నారు. ఆయన మాట్లాడ్డమే అంత. రోజు మొత్తానికి ఓ పాతిక మాటలు.

మా అక్క దానికి పూర్తిగా వ్యతిరేకం. రాజమండ్రిలో ఏదన్నా పనుంటే పని చూసుకుని, ఎంతసేపైనా సరే బస్టాండులో కూర్చుని, బావగారి బస్సు వచ్చాకే ఎక్కేది. సరిగ్గా డ్రైవరు వెనకాల సీట్లో కూర్చునేది. అక్కడ ఎదురుగా రాసుండేది కదా, బస్సు నడుస్తున్నప్పుడు డ్రైవరుతో మాట్లాడరాదని. ఆ మాట మా అక్క ఒక్కర్తే పాటించేదేమో అనిపిస్తుంది నాకు. గోదావరి దాటేదాకా నోరు మెదిపేది కాదు. రాత్రికి బస్సు కొవ్వూరులోనే ఉండిపోయేది; ఆయన డ్యూటీ దిగాక, ఇంటికి నడిచే ఆ పది నిమిషాల్లోనూ అప్పటిదాకా దాచిందంతా చెప్పేసేది. "మీరు రిటైరయ్యాక ఓ కారు కొనుక్కుందామండి, ముందు సీట్లో కూర్చుని నా ఇష్టం వచ్చినంతసేపు మాట్లాడతాను" అనేది. ఆయన "సరేలే" అనేవారు.

ఆయన రిటైరైన ఎనిమిది నెలలకి అక్క పోయింది. జ్వరం అని ఆసుపత్రిలో చేర్పించాం, పద్నాలుగు రోజులున్నాం, తిరిగి తెచ్చుకోలేకపోయాం. వాళ్ళకి పిల్లలు లేరు. నేనే పట్టుబట్టి బావగారిని కొవ్వూరులోనే ఉన్న మా ఇంటికి తీసుకొచ్చాను. మేడమీద గది ఖాళీగా ఉంది. మావారికి కాకినాడలో ఉద్యోగం, శనివారం వచ్చి సోమవారం తెల్లారి వెళ్ళిపోతారు. నేను రాజమండ్రిలో ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్తాను. రోజూ బస్సులో పోయిరావడం కష్టంగా ఉందని కారు కొందామనుకున్నప్పుడు, నీకు నడపడం రాదే అని మావారు సందేహించారు. బావగారు వింటున్నారు. "నేనున్నాను కదా" అన్నారు. అక్క పోయాక ఆయన తనంతట తాను ఒక పని చేస్తాననడం అదే మొదలు. అందుకే ఆ కారు కొన్నాం.

షోరూములో ఓ కుర్రాడు మాకు కారంతా చూపించాడు. స్టీరింగు వెనకాల, మీటర్ల ముందు, నల్లగా చిన్న గుండీలా ఒకటుంది. "ఇది డ్రైవర్ని చూస్తూ ఉంటుందండి" అన్నాడు. "కళ్ళు మూతపడినా, తల పక్కకి తిరిగినా, ఫోన్ చూసినా కూత పెడుతుంది. ఓనరు గారి ఫోనుకి చిన్న వీడియో కూడా పంపిస్తుంది. ఎక్కడ, ఎన్ని గంటలకి అన్నది కూడా వస్తుందండి. చాలా సేఫ్టీ." బావగారు వంగి ఆ గుండీని చూశారు. నా ఫోనులో ఏదో యాప్ వేసి, ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి అంటే నేను నొక్కుతూ పోయాను. కారు నా పేరు మీద ఉంది, ఫోను నాది. నడపబోయేది పక్కన నించున్న మనిషి అన్న సంగతి ఆ కుర్రాడికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

మొదటి వారం నవ్వులాటగానే గడిచింది. బావగారి కళ్ళు చిన్నవి. పై రెప్పలు బరువుగా సగానికి దిగి ఉంటాయి, పుట్టుక నుంచీ అంతే. కారు బయల్దేరి మా వీధి మలుపు తిరిగేలోపే కూత మొదలయ్యేది. తెర మీద కాఫీ కప్పు బొమ్మ పడేది. ఒక ఆడగొంతు ఇంగ్లీషులో, మీరు అలిసిపోయినట్టున్నారు, కాసేపు ఆగండి అనేది. సంచీలో నా ఫోనూ మోగేది; ఉత్త కూతలేనని వచ్చినవాటిని తెరవకుండానే తీసేసేదాన్ని.

"నిద్రపోతున్నానంటుందేంటిది?" అన్నారు ఆయన.

"మీ కళ్ళు చూసి అనుకుంటోందండి."

"నా కళ్ళే అంత."

"దానికేం తెలుసు పాపం."

ఆయన అద్దం సరిచేసుకుంటూ, "మీ అక్క కూడా పెళ్ళిచూపుల్లో మీ అమ్మగారిని ఇదే అడిగిందట. అబ్బాయి మెలకువగానే ఉన్నాడా అని" అన్నారు. ఆ రోజు గోదావరి బ్రిడ్జి మీద నేను నవ్విన నవ్వుకి కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆయన మాత్రం రెండు కళ్ళూ బలవంతాన పెద్దవి చేసుకుని, గోదావరి దాటేదాకా అలాగే నడిపారు. తర్వాత షోరూమువాళ్ళే ఏదో సరిచేసి, ఆయన కళ్ళకి తగ్గట్టు మార్చారు. ఆ కూతలు తగ్గాయి.

ఆ తర్వాత వేరే రకం మొదలయ్యాయి.

పొద్దున్న నన్ను స్కూలు దగ్గర దింపి ఆయన ఖాళీ కారులో కొవ్వూరు తిరిగి వెళ్ళేవారు. సాయంత్రం మళ్ళీ వచ్చేవారు. ఒకరోజు మొదటి పీరియడు అయ్యాక స్టాఫ్ రూములో ఫోను చూసుకుంటే, యాప్ నుంచి ఒక కబురుంది. డ్రైవరు దృష్టి మళ్ళింది అని. కింద టైము, బ్రిడ్జి పేరు. ఇంకా కింద చిన్న వీడియో. కంగారుగా నొక్కాను.

ఎనిమిది సెకన్లు ఉంటుందేమో. బావగారి ముఖం, నలుపు తెలుపులో. శబ్దం లేదు. ఆయన ఎదర చూస్తూ నడుపుతున్నారు, పెదాలు కదులుతున్నాయి. ఏదో చెప్తున్నారు. చెప్తూ చెప్తూ ఎడమ పక్కకి తిరిగారు. ఖాళీ సీటు వైపు. అక్కడ ఎవరో కూర్చున్నట్టే ఆ ఎత్తుకి చూసి, ఏదో అని, మళ్ళీ రోడ్డు వైపు తిరిగారు. వీడియో అయిపోయింది.

నేను రెండోసారి చూశాను. ఫోనులో మాట్లాడుతున్నారేమో అనుకున్నాను. కానీ ఫోనులో మాట్లాడేవాళ్ళు పక్క సీటు వైపు అలా చూడరు. మూడోసారి చూసినప్పుడు నాకు తెలిసిపోయింది. మా ఇంట్లో రెండేళ్ళుగా ఉప్పు, పప్పు, వస్తాను, సరే అన్న నాలుగు ముక్కలతో సరిపెడుతున్న ఆ మనిషి, మా అక్కతో మాట్లాడుతున్నారు.

రెండో పీరియడు గంట కొట్టారు. ఆ రోజు నేను తొమ్మిదో తరగతిలో ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

ఆ సాయంత్రమే ఆయనతో చెప్పెయ్యాల్సింది. లేదా ఆ పంపడం ఆపించెయ్యాల్సింది. రెండూ చెయ్యలేదు. మర్నాడు పొద్దున్న ఇంకొకటి వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ఆయన ఎడమ పక్కకి చూసినప్పుడల్లా ఆ గుండీకి ఆయన దారి తప్పినట్టే లెక్క. నేను మొదటి పీరియడు ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని. స్టాఫ్ రూములో మూల కుర్చీలో కూర్చుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని చూసేదాన్ని. ఒకరోజు ఆయన దేనికో విసుక్కుంటున్నారు. ఒకరోజు వేలు పైకెత్తి ఏదో వివరిస్తున్నారు. ఇంకోరోజు నవ్వుతున్నారు, పళ్ళు కనపడేలా. ఆ నవ్వు నేను అక్క బతికుండగా చూశాను, మళ్ళీ చూడలేదు.

పక్క కుర్చీ టీచరు ఒకసారి, "రోజూ అంత ముచ్చటగా ఏం చూస్తారండి?" అని అడిగింది. మా కారు కెమెరా సంగతి పైపైన చెప్పాను, వీడియో చూపించలేదు. "మావారి బండికి కూడా అలాంటిదుంటే బాగుండునండి" అందావిడ నవ్వుతూ. నేనూ నవ్వాను గానీ, లోపల ఎక్కడో చివుక్కుమంది. అయినా మర్నాడు చూడ్డం మానలేదు. నాలుగైదు వారాలు అలాగే గడిచింది. నాకు నేను చెప్పుకున్న సమాధానం ఏంటంటే, ఆయన బాగున్నారో లేదో చూసుకోవాల్సింది నేనే కదా అని.

బయటపడింది నా నోటి వల్లే. వేసవి, ఒంటిపూట బడులు. ఓ రోజు పదకొండు గంటల వేళ వచ్చిన వీడియో బ్రిడ్జి మీదది కాదు. పట్టిసీమ నుంచి వచ్చింది. ముఖం మీద ఎండ పడి, కళ్ళు చికిలించుకుని ఉన్నారు. పెదాలు కదలట్లేదు. ఊరికే ఎడమ పక్కకి చూస్తున్నారు, ఎనిమిది సెకన్లూ. ఆ రోజు నన్ను తీసుకెళ్ళడానికి కాస్త ఆలస్యంగా వచ్చి, "బజారుకెళ్ళాను" అన్నారు.

మర్నాడు ఆదివారం. మావారు ఆ వారం ఆడిట్ ఉందని రాలేదు. కంద బచ్చలి కూర చేశాను. అన్నం వడ్డిస్తూ మామూలుగా అనేశాను. "అంత ఎండలో పట్టిసీమ దాకా ఎందుకు వెళ్ళారండి బావగారూ, కళ్ళు మండిపోయుంటాయి."

ఆయన కలుపుతున్న ముద్ద ఆపారు.

"నీకెవరు చెప్పారు?"

అబద్ధం చెప్పడానికి నాకు టైము చాల్లేదు. "ఎవరూ చెప్పలేదండి. కారు చెప్పింది."

"ఏం చెప్పింది?"

"ఆ కెమెరా వీడియోలు పంపిస్తుందండి నా ఫోనుకి. షోరూములో చెప్పారు కదా."

"కునికితే పంపిస్తుందన్నాడు."

"తల తిప్పినా పంపిస్తుందండి."

ఆయన నా వైపు చూడలేదు. కంచంలోకి చూస్తూ మిగిలిన అన్నం మెల్లగా తినేశారు. పారెయ్యడం ఆయనకి అలవాటు లేదు. చెయ్యి కడుక్కుని, కారు తాళం తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టి, మేడమీదికి వెళ్ళిపోయారు.

సోమవారం నుంచి నేను బస్సులో వెళ్ళాను. ఆయన కోపంగా లేరు. పాలు తెచ్చారు, మోటారు వేశారు, పెరట్లో మొక్కలకి నీళ్ళు పోశారు. మొదటిరోజు బస్టాపు దాకా నాతో వచ్చి, "బస్సు మంచిదే" అన్నారు. కారు షెడ్డులో దుమ్ము పడుతూ ఉంది. నా ఫోను మోగడం మానేసింది. మొదటి పీరియడు అయ్యాక చెయ్యి దానంతటదే ఫోను మీదికి వెళ్ళేది. అప్పుడు సిగ్గేసేది. నేను చూసుకున్నది ఆయన బాగోగులు కాదని అప్పటికి నాకు అర్థమైంది.

ఐదో రోజు సాయంత్రం నేను బస్సు దిగేసరికి ఆయన స్టాపులో నించుని ఉన్నారు. ఇద్దరం నడుస్తున్నాం. ఆయనే మొదలుపెట్టారు.

"నా సర్వీసులో చెకింగువాళ్ళని ఎంతమందినో చూశాను. దారిలో చెయ్యెత్తి బస్సు ఆపుతారు. ఎక్కుతారు. అందరికీ కనపడతారు. నన్ను అడగాల్సింది నన్నే అడుగుతారు, రాయాల్సింది నా ముందే రాస్తారు. నేను సంతకం పెడతాను. దిగి వెళ్ళిపోతారు. వాళ్ళ మీద నాకెప్పుడూ కోపం రాలేదు."

"నాది తప్పేనండి" అన్నాను.

"నువ్వేదో తప్పు చేశావని కాదు. నేను ఒంటరిగా ఉన్నాననుకున్నాను. అంతే."

రోడ్డు పక్కన ఆగిపోయాను. ఆయన నాలుగడుగులు వేసి, నేను రావట్లేదని చూసి, వెనక్కొచ్చి నా చేతిసంచీ తీసుకున్నారు.

శనివారం సెలవు పెట్టి, ఆటో ఎక్కి రాజమండ్రిలో షోరూముకి వెళ్ళాను. ఈసారి మేనేజరు మాట్లాడాడు. మర్యాదస్తుడే. వీడియోలు పంపడం ఆపెయ్యమన్నాను.

"అందరూ అడిగి మరీ పెట్టించుకుంటున్నారు మేడమ్. మీరు తీసెయ్యమంటున్నారేంటి?"

"నడిపేవాళ్ళకి ఇష్టం లేదండి."

"మీరు ఒప్పుకున్నట్టుంది కదా మేడమ్, ఇదిగో, ఇక్కడ టిక్ ఉంది."

"టిక్ నాదండి. ముఖం మా బావగారిది. ఆయన్ని ఎవరూ అడగలేదు."

అతను కాస్త ఆలోచించి, "సిస్టమ్‌కి ఓనరు ఒప్పుకుంటే చాలు మేడమ్" అన్నాడు. అది నిజమే అయుంటుంది. తర్వాత నా ఫోను తీసుకుని లోపల ఎక్కడెక్కడికో వెళ్ళి, పంపడం ఒక్కటీ ఆపాడు. కారులో కూత మాత్రం ఉంటుందన్నాడు. ఇప్పటిదాకా వచ్చినవి ఎక్కడుంటాయని అడిగాను. కంపెనీ వాళ్ళ దగ్గర ఉంటాయి, కొన్నాళ్ళకి వాటంతటవే పోతాయి అన్నాడు. ఎన్నాళ్ళకని అడిగితే అతనికీ తెలీదు. అక్కడే కాగితం అడిగి అర్జీ రాసిచ్చాను, అన్నీ తీసెయ్యమని. నెల తర్వాత ఇంగ్లీషులో రెండు వాక్యాల జవాబు వచ్చింది, మీ కోరిక నెరవేర్చబడినది అన్న ధోరణిలో. నమ్మాలో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. ఎక్కడో ఒక గదిలో, పేరు తెలీని మిషన్లలో మా బావగారు పక్కకి తిరిగి మాట్లాడుతూనే ఉన్నారేమో.

నా ఫోనులోవి మాత్రం నేను ఒక్కర్తినే తీసెయ్యదల్చుకోలేదు. ఇంటికొచ్చి మేడమీదికి వెళ్ళాను. ఆయన కిటికీ దగ్గర కూర్చుని పేపరు చదువుతున్నారు. షోరూములో జరిగిందంతా చెప్పి, "ఇవి మీవండి. మీరు చూసి ఏం చెయ్యమంటే అది చేస్తాను" అని ఫోను ఇచ్చాను.

కళ్ళజోడు పెట్టుకుని మొదటిది చూశారు. "గొంతు రాదా?"

"రాదండి."

"అమ్మయ్య" అన్నారు. ఇంకొకటి చూశారు. "ఎన్ని చూశావు?"

"అన్నీ చూశానండి."

"ఎందుకు?"

ఆ ప్రశ్నకి వారం నుంచీ నేను జవాబులు కడుతున్నాను. అవేవీ నోటికి రాలేదు. "మీరు అక్కతో మాట్లాడుతున్నారని తెలిసిపోయిందండి. చూస్తుంటే నాక్కూడా అక్క దగ్గర కూర్చున్నట్టు ఉండేది" అన్నాను.

కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చేస్తుంటే అది అంటుకోవట్లేదు. ఆ చప్పుడే వింటూ కూర్చున్నాం.

"అడిగితే చెప్పేవాణ్ణి కదా" అన్నారు చివరికి.

"ఏం చెప్తారండి అక్కకి?"

"ఏముంటాయి. నువ్వు చేసిన కూర ఎలా ఉందో చెప్తాను. ఉప్పెక్కువైతే అదీ చెప్తాను." ఫోను ఒళ్ళో పెట్టుకుని, "తను ఉన్నన్నాళ్ళూ నేను వినడమే. ఇప్పుడు తను వింటోంది. పట్టిసీమ తను వెళ్దామన్నది. లాంచీలో గుడికి వెళ్దామని ఆసుపత్రిలో చేరకముందు రెండు మూడుసార్లు అంది. ఎండలు తగ్గాక వెళ్దాంలే అన్నాను. మొన్న రేవు దాకా వెళ్ళి, లాంచీ ఎక్కబుద్ధి కాక, కారులోనే కూర్చుని వచ్చేశాను" అన్నారు.

ఆయన ఒక్క దఫాలో అన్ని మాటలు మాట్లాడ్డం నేను ముందెప్పుడూ వినలేదు. నేను ఏడుస్తుంటే, "ఊరుకో" అని, ఇంకో సంగతి చెప్పారు. ఆ కూతని మరీ తిట్టక్కర్లేదట. ఆ మొదటి వారంలో ఒకసారి భోజనం చేసి ధవళేశ్వరం పనిమీద వెళ్ళి వస్తుంటే నిజంగానే కునుకు పట్టిందట, ఆ కూతకే మెలకువొచ్చి చూస్తే ఎదర గడ్డి ట్రాక్టరు ఉందట. "సర్వీసులో ఒక్కనాడూ కునకలేదు. అందుకే నీకు చెప్పలేదు" అన్నారు. "అది కారులో అరిస్తే అరవనీ. నన్ను లేపుతుంది, మంచిదే. ఊరికి చెప్పకపోతే చాలు."

తర్వాత ఒక్కొక్కటీ చూస్తూ ఆయనే తీసేశారు. వేలు పెద్దది, సరిగ్గా నొక్కడం రాక నేను చూపించాను. నవ్వుతున్నది వచ్చినప్పుడు ఆగారు. మళ్ళీ చూశారు. "ఇలా నవ్వుతున్నానా నేను?" అన్నారు. నిజంగానే ఆయనకి తెలీదు. దాన్ని ఆయన ఫోనుకి పంపించమన్నారు. పంపించాక, నా దాంట్లోంచి తీసెయ్యమన్నారు. తీసేశాను.

సోమవారం ఆయన కారు తుడిచి బయటికి తీశారు. ఇప్పుడు నా ఫోనుకి టైర్లలో గాలి తగ్గితే కబురొస్తుంది, ఇంకేమీ రాదు. ఆయన నన్ను దింపి వెళ్ళాక బ్రిడ్జి మీద ఏం జరుగుతుందో నాకు తెలీదు. సాయంత్రం వచ్చేటప్పుడు మాత్రం ఈమధ్య నాకూ కొన్ని చెప్తున్నారు, పాత కండక్టర్ల సంగతులు, వరదల్లో బస్సు నడిపిన సంగతులు.

మొన్న కార్తీకంలో ఒకరోజు సెలవని నేను ఇంట్లో ఉన్నాను. ఆయన పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నం రెండైనా రాలేదు. ఫోను చేస్తే మోగుతోంది, తియ్యట్లేదు. మూడయ్యింది. ఎక్కడున్నారో ఆ యాప్ చూపించే రోజులు నాకు గుర్తొచ్చాయి, అది తీయించెయ్యడం తెలివితక్కువ పనేమోనని ఒక క్షణం నిజంగా అనుకున్నాను. గుమ్మంలోకి, వీధిలోకి తిరుగుతూనే ఉన్నాను. మూడున్నరకి కారు వచ్చింది. చేతిలో అరటిగెల పట్టుకుని దిగారు, పంచె అంచు తడిసి ఉంది.

"ఫోను ఎందుకు తియ్యలేదండి?" అన్నాను, కాస్త గట్టిగానే.

"లాంచీలో ఉన్నాను. ఆ మోతలో వినపడలేదు" అన్నారు. గెల వరండాలో దించి, కాళ్ళు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్తూ, "అన్నం ఉందా, ఆకలేస్తోంది" అని అడిగారు.